కీర్తనకారుడు విలియం కౌపర్

ఆంగ్ల కవి విలియం కౌపర్ 1731లో జన్మించి, ఆరేండ్లకే తల్లిని పోగొట్టుకొనెను. 1763లో మతి చెదరి ప్రాణము తీసికొన యత్నించెను. మరుసటి యేట వైద్యశాలలో రోమా పత్రిక మూడవ అధ్యాయము చదువుచుండగా క్షమాపణ నిశ్చయత కలిగెను. తరువాత ఓల్నీలో సంఘ గురువైన జాన్ న్యూటన్‌తో కలిసి కీర్తనలు వ్రాసెను.

అయితే 1773లో ఒక కలవలన దేవుడు తన్ను త్రోసివేసెనని నమ్మి, ఆరాధనకు వెళ్లుట మానెను. న్యూటన్ అతనిని ఏడాదికి పైగా తన యింటనే ఉంచుకొనెను. మనమైతే ఇట్టివానిని అవిశ్వాసి యందుమేమో! 139వ కీర్తనలోని దేవుడు, కౌపర్ తన్ను తానెరుగని దినములలోను అతని నెరిగి ప్రేమించెను.

1779లో వెలువడిన వారి సంపుటిలో కౌపర్ కీర్తనలు 60కి పైగా గలవు. 1800లో మరణించువరకు ఆ భయము అతనిని పూర్తిగా వీడలేదు; మనమో అతని కీర్తనలతోనే దేవుని ఆరాధించుచున్నాము.