మాతృకలను వెదకిన మెకంజీ

కంచరి కొలిమిలో ఒకే తీరు ఇత్తడి బొమ్మలను వందలకొలది పోతపోయవచ్చును. కాని వాని కన్నింటికిని ఆధారమైన మొదటి మాదిరి ఒక్కటే. అది పోయినచో తరువాతి బొమ్మలు నకలునకు నకళ్లై, కనుముక్కు తీరు క్రమముగా చెడిపోవును. చరిత్రకును ఇట్టి మాతృకలు కలవు. శాసనము చెక్కిన రాయి, కరణము వ్రాసియుంచిన కవిలె, స్తూపమునకు తాపిన చలువరాతి పలక, ఇవి నశించిన పిదప మనకు మిగులునవి చెప్పుకొను మాటలు మాత్రమే. ఆంధ్రదేశమున అట్టి మాతృకలను వెదకి కూర్చుటకై జీవితమును, ధనమును వెచ్చించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ.

స్కాట్లండునకు వాయవ్యమున లూయిస్ అను ద్వీపము కలదు. అందలి స్టోర్నోవే పట్టణమున 1754 ప్రాంతమున ఆయన జన్మించెను. యౌవనమున అచ్చటి సుంకపు కచేరిలో పనిచేసెను. గణితమనిన ఆయనకు మక్కువ యెక్కువ. లాగరిథములను కనిపెట్టిన నేపియరు వంశీయుడగు ఒక ప్రభువు తమ పూర్వుని చరిత్ర వ్రాయించుచు, హిందువుల గణితమును గూర్చి విషయములు సేకరించు పనిలో మెకంజీ సాయము కోరెను. 1783లో మెకంజీ కుంపిణీ సైన్యమున చేరి మద్రాసున దిగెను. పిమ్మట మధురలో పండితులతో కలిగిన పరిచయము ఆయన మనసును ఈ దేశ చరిత్రపైకి మరల్చెను.

ఉద్యోగమున ఆయన ఇంజనీరు, భూమిని కొలుచు సర్వేయరు. తొలి సంవత్సరములలో మద్రాసు, నెల్లూరు, గుంటూరు సీమలలో పనిచేసెను. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ వశమయ్యెను. నేడు ప్రత్తికిని మిరపకును పేరువడసిన ఈ నల్లరేగడి మైదానమున ఊరూర శిథిలమైన కోటలు, గుడిముంగిట శాసనములు, కరణముల యిండ్ల కవిలెకట్టలు ఆయన కంటబడెను. వానిని చదువుటకు భాష రాదు. ఆ కొరత తీర్చినవారు ఏలూరు వాస్తవ్యులగు కావలి సోదరులు. వారిలో కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతమున మెకంజీకి సహాయకుడై, శాసనములను చదువుటలో ఆరితేరెను. ముప్పది యేండ్లైన నిండకమునుపే, 1803లో, ఆయన మరణించెను. అన్న వదలిన పనిని తమ్ముడు లక్ష్మయ్య చేపట్టెను.

వారి పద్ధతి గమనింపదగినది. సహాయకులు గ్రామములకు పోయి, ఊరి పేరెట్లు వచ్చినది, గుడి ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యములు ఎవరిచ్చిరి అని విచారించి వ్రాయించెడివారు. ఇవియే కైఫీయతులు. దొరవారి మనుష్యులు వచ్చిరనగానే పన్నులు పెంచుదురేమో యని శంకించిన గ్రామస్థులు లేకపోలేదు. అట్టివారిని నమ్మించి, కవిలెలు విప్పించుట తేలికపని కాదు. కొండవీటి దండకవిలె వంటివి మనకు దక్కినవన్న అది ఆ ఓర్పు ఫలమే.

మాతృక విలువ యెట్టిదో అమరావతి చెప్పగలదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచ్చట రాజధాని నిర్మించు కాలమున, దీపాలదిన్నె యను దిబ్బను ఇటుకలకును రాతికిని త్రవ్వించిరి. చెక్కడపు పలకలు బయటపడెను. వార్త విని మెకంజీ 1798లో వచ్చి చూచెను. ఆ చూచిన దానిని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1807లో ఏషియాటిక్ రిసెర్చెస్ అను సంపుటమున అచ్చయ్యెను. ఆ నడుమ మైసూరు యుద్ధము, ఆ రాజ్యమున సుమారు నలువది వేల చదరపు మైళ్ల సర్వే, జావా దండయాత్ర ఆయనను దూరము చేసెను. మరల 1816లో అమరావతి చేరునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. పలకలు కొన్ని మెట్లకును గోడలకును పోయెను. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయెను. మిగిలిన వానిని ఆయన తన చిత్రకారులచే కొలతలతో గీయించెను. ఏ పలక ఎచ్చట దొరకినదో గుర్తువేయించి, స్తూపమునకు పటము తయారుచేయించెను. ఆ చిత్రములు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. వానియందలి పలకలు కొన్ని మరెచ్చటను లేవు. రాయి పోగా కాగితమే మాతృక యయ్యెను.

ఆయనను దోషరహితుడని చెప్పరాదు. ఆయన కొలిచిన భూమి కుంపిణీ శిస్తునకును సైన్యమునకును ఉపకరించెను. అమరావతి పలకలు కొన్ని ఆయన కాలముననే తమ చోటు విడిచి మచిలీపట్నమునకు, కలకత్తాకు తరలెను. అయినను సున్నముగా కాల్చినవానికిని, కొలిచి గీయించినవానికిని గల భేదము చిన్నది కాదు.

1815లో ఆయన భారతదేశమునకు సర్వేయరు జనరల్ అయ్యెను. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. కూర్చిన దానిని క్రమపరచి వ్రాయవలెనను కోరిక తీరలేదు. గ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల నకళ్లు 8,076, చిత్రములు 2,630, నాణెములు 6,218 ఆయన వెనుక మిగిలెను. కుంపిణీ ఆ సంచయమును లక్ష రూపాయలకు కొనెను. 1828లో విల్సన్ పండితుడు దాని పట్టికను ప్రకటించెను. తన దొర పనిని సాగింప అనుమతి కోరిన లక్ష్మయ్యకు మాత్రము, దేశీయుని కంత పాండిత్యము చాలదని నిరాకరణమే ప్రాప్తించెను. చదివి అర్థము చెప్పినవారు దేశీయులే యను మాట ఏలినవారికి గుర్తులేకపోయెను.

మద్రాసు చేరిన ప్రతులు పురుగులకు ఆహారమగుచుండగా బ్రౌన్ దొర వానికి నకళ్లు వ్రాయించెను. నేడు గుంటూరు సీమ గ్రామచరిత్ర వ్రాయువారికి ఈ కైఫీయతులే మొదటి ఆధారము.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో ఒకసారి ఊరి గుడికడకు పోయి శాసనమును చూడవచ్చును. సున్నము పూసిన రాతిని గీకక, నీటితో మెల్లగా తుడిచి, పొడవు వెడల్పులు కొలిచి, ఉన్నచోటు, తేదీ వ్రాసి, అక్షరమును అక్షరముగా ఎత్తి వ్రాయవలెను. తెలియని అక్షరమున్నచో ఊహించి పూరింపక ఖాళీ విడువవలెను. బొర్రయ్య లక్ష్మయ్యలు పోయిన త్రోవ ఇదియే. ఆ రాయి రేపు ఉండునో లేదో మన మెరుగము.