తగ్గిన జ్వరం వెనకాల ముప్పును చూసిన డాక్టర్ డగ్లస్ రై

పిల్లాడికి జలుబు, జ్వరం వచ్చాయి. నాలుగైదు రోజులకు తగ్గాయి. సోమవారం నుంచి బడికి పంపుదాం అనుకుంటుండగా వాంతులు మొదలయ్యాయి. ఎంతకీ ఆగవు. మత్తుగా పడుకుంటాడు, లేపితే విసుక్కుంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఆ తర్వాత ఫిట్స్, స్పృహ కోల్పోవడం. చాలా అరుదుగా వచ్చే జబ్బు ఇది. కానీ వస్తే రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి. వైద్యులు దీన్ని రై సిండ్రోమ్ అంటారు. ఇంగ్లిష్ అక్షరాలను బట్టి కొందరు రేయిస్ అని చదువుతారు గానీ, పలకాల్సింది రై అనే.

ఆ పేరు ఆస్ట్రేలియా పాథాలజిస్టు రాల్ఫ్ డగ్లస్ కెన్నెత్ రైది. జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదని ఇవాళ వైద్యులు చెప్పే మాటకు మూలం వెతుక్కుంటూ వెళితే ఆయన ప్రయోగశాల దగ్గరే ఆగుతాం. విచిత్రమేమంటే, ఆస్పిరిన్ సంగతి బయటపడేనాటికి ఆయన లేరు.

టౌన్స్‌విల్ నుంచి సిడ్నీకి

డగ్లస్ రై 1912 ఏప్రిల్ 5న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, ఉత్తర తీరాన ఉన్న టౌన్స్‌విల్ అనే రేవు పట్టణంలో పుట్టారు. వైద్య విద్య కోసం సిడ్నీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1937లో పట్టా అందుకున్నారు. ఆ తర్వాత ఆయన వృత్తి జీవితమంతా సిడ్నీలోని క్యాంపర్‌డౌన్ ప్రాంతంలో ఉన్న రాయల్ అలెగ్జాండ్రా పిల్లల ఆస్పత్రితోనే ముడిపడింది. అక్కడి పాథాలజీ విభాగానికి ఆయన అధిపతి అయ్యారు.

పాథాలజిస్టును పిల్లల తల్లిదండ్రులు చూడటం తక్కువ. మందుల చీటీ రాసేది ఆయన కాదు, మంచం పక్కన నిలబడేదీ ఆయన కాదు. శరీరం నుంచి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అక్కడ ఏం జరిగిందో చెప్పడం ఆయన పని. బిడ్డ చనిపోయినప్పుడు, ఎందుకు చనిపోయిందన్న ప్రశ్నకు పోస్టుమార్టం బల్ల దగ్గర జవాబు వెతకడం కూడా ఆ పనిలో భాగమే. పిల్లల శరీరాలు పెద్దవాళ్ల శరీరాలకు చిన్న నమూనాలు కావు, వాళ్లకు వచ్చే జబ్బులు వేరుగా ఉంటాయని వైద్యం నేర్చుకుంటున్న రోజులవి. రై లాంటివాళ్లు ఆ పాఠాన్ని ఒక్కొక్క స్లైడు చూస్తూ రాసుకుంటూ పోయారు.

పసిపిల్లల చేతివేళ్లకు, కాలివేళ్లకు వచ్చే ఒక రకం గడ్డలను ఆయన వర్ణించారు. తీసేసినా మళ్లీ వస్తాయి గానీ, అవి క్యాన్సర్ కావు. 1965లో ఆయన రాసిన ఆ వ్యాసం తర్వాత వాటిని రై గడ్డలని కూడా పిలుస్తున్నారు. వేలు తీసేయాల్సిన పని లేదని ఒక తల్లికి ధైర్యం చెప్పాలంటే, ముందుగా ఎవరో ఒకరు ఆ గడ్డ స్వభావాన్ని ఇలా తేల్చి ఉండాలి.

చేజారిన ఒక గుర్తింపు

1958లో రై ఒక బిడ్డ కండరపు ముక్కను పరీక్షిస్తూ, అందులో సన్నటి కడ్డీల్లాంటి ఆకారాలు చూశారు. అవి జబ్బుకు గుర్తు కావని, ముక్కను తయారుచేయడంలో వచ్చిన లోపమని అప్పట్లో కొట్టిపారేశారు. రై దాన్ని ప్రచురించలేదు. ఐదేళ్లకు, 1963లో, అమెరికా వైద్యులు అలాంటి కడ్డీలనే చూపించి కొత్త కండర వ్యాధిని వర్ణించారు. దాన్నే ఇప్పుడు నెమలైన్ మయోపతీ అంటున్నారు. రై చూసింది నిజంగా ఆ జబ్బునేనని 2000లో సిడ్నీ పరిశోధకులు పాత నమూనాలను తిరిగి చూసి తేల్చారు.

కడ్డీల విషయంలో ప్రపంచం ఆయన్ను దాటిపోయిన ఆ 1963లోనే, మరో విషయంలో ఆయన పేరు వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది. ఈసారి ఆయన దగ్గర ఉన్నది ఒక్క కేసు కాదు.

21 మంది పిల్లలు

1951 మొదలు ఆ ఆస్పత్రికి అప్పుడప్పుడు ఒక తరహా కేసు వచ్చేది. ముందు జలుబో, దగ్గో, చిన్న జ్వరమో ఉంటుంది. అది తగ్గుముఖం పడుతుండగా విపరీతంగా వాంతులు, మత్తు, ఫిట్స్, కోమా. చూస్తే మెదడువాపు జ్వరంలా ఉంటుంది. కానీ వెన్ను నీటిలో ఇన్ఫెక్షన్ కనిపించదు. రక్తంలో చక్కెర తరచూ పడిపోయి ఉంటుంది. చనిపోయిన పిల్లల్లో మెదడు ఉబ్బి ఉంటుంది. కాలేయం పెద్దదై, కొవ్వు పట్టి, పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. మూత్రపిండాల్లోనూ కొవ్వే. ఇంత పాడైన కాలేయం ఉన్నా ఒంటి మీద పచ్చకామెర్లు కనిపించవు.

ఏడాదికి ఒకటో రెండో కేసులు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక పేరు పెట్టి ఫైలు మూసేయవచ్చు. రై అలా మూయలేదు. 1962 వరకు వచ్చిన అలాంటి 21 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చారు. వాళ్లలో 17 మంది చనిపోయారు. సహచరులు గ్రేమ్ మోర్గన్, బారల్‌తో కలిసి 1963 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. మెదడు, కాలేయం ఒకేసారి దెబ్బతినే ఇది పిల్లల్లో ఒక ప్రత్యేకమైన జబ్బు అన్నది దాని సారాంశం.

అలాంటి కేసులు అంతకు ముందు ఎవరూ చూడలేదని కాదు. ఇంగ్లండ్‌లో 1929లోనే కొందరు వైద్యులు కొన్నింటిని రాసిపెట్టారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫ్లూ వ్యాపించినప్పుడు చనిపోయిన పిల్లల గురించి జార్జ్ జాన్సన్ బృందం కూడా 1963లోనే రాసింది. కానీ దీనికి ఒక స్పష్టమైన ఆకారం ఇచ్చి, మిగతా ప్రపంచంలోని వైద్యులు తమ వార్డుల్లో గుర్తుపట్టేలా చేసింది సిడ్నీ వ్యాసమే. జబ్బుకు కారణమేమిటో రై బృందం తేల్చలేకపోయింది. ఏదైనా విషపదార్థం పాత్ర ఉందేమోనని వెతికారు, దొరకలేదు.

మాత్ర గురించి అడిగినవారు

డగ్లస్ రై 1977 జులైలో మరణించారు. ఆ తర్వాత మూడేళ్లకు అమెరికాలోని అరిజోనా నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. కరెన్ స్టార్కో, ఆమె సహచరులు ఈ జబ్బు వచ్చిన ఏడుగురు బడిపిల్లల ఇళ్లలో, జ్వరం వచ్చినప్పుడు ఏ మందులు ఇచ్చారని అడిగారు. అలాగే ఫ్లూ వచ్చి మామూలుగా కోలుకున్న 16 మంది పిల్లల తల్లిదండ్రులనూ అడిగారు. జబ్బుపడిన ఏడుగురికి ఏడుగురూ ఆస్పిరిన్ జాతి మందు తీసుకున్నారు. కోలుకున్న 16 మందిలో తీసుకున్నవారు ఎనిమిది మందే.

ఆస్పిరిన్ అప్పటికి ఎనభై ఏళ్ల మందు. బేయర్ సంస్థ 1899లో అమ్మకం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోతే, ఆస్ట్రేలియాలోనే మెల్‌బోర్న్ వాళ్లు దాన్ని తయారుచేసి ఆస్ప్రో అని పేరు పెట్టారు. మన కిరాణా కొట్ల దాకా వచ్చిన ఆస్ప్రో అదే. అమెరికాలో పిల్లల కోసం తియ్యటి నారింజ రుచి ఆస్పిరిన్ మాత్రలు ఇంటింటా ఉండేవి. బిడ్డకు ఒళ్లు కాలుతుంటే ప్రేమతో ఇచ్చిన మాత్రనే అనుమానించాల్సి రావడం ఏ తల్లికైనా కష్టమే.

మందుల కంపెనీలకు అది ఇంకా కష్టమైంది. 1982లో అమెరికా ప్రభుత్వం సీసాల మీద హెచ్చరిక రాయించాలని చూస్తే, ఆధారాలు చాలవని కంపెనీలు పట్టుబట్టాయి. ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. మళ్లీ అధ్యయనాలు చేశారు. 1987లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, జబ్బుపడిన 27 మందిలో 26 మందికి ఆస్పిరిన్ జాతి మందు అందింది. పోల్చి చూసిన 140 మంది పిల్లల్లో అది నూటికి 38 మందికే. ఈలోగా 1986లో హెచ్చరిక తప్పనిసరి అయింది. ఆ ఏడే బ్రిటన్‌లో 12 ఏళ్ల లోపు పిల్లలకు ఆస్పిరిన్ వద్దన్నారు. తర్వాత ఆ వయసును 16కు పెంచారు.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. అమెరికాలో 1980లో 555 కేసులు నమోదయ్యాయి. 1994 నుంచి 1997 వరకు ఏ ఏడూ రెండుకు మించలేదు. కొత్త మందు కనిపెట్టలేదు, టీకా రాలేదు. ఇళ్లలో ఒక అలవాటు మారింది, అంతే.

అన్నీ ఒకే జబ్బు కాదు

కథలో ఇంకో మలుపు ఉంది. రై పనిచేసిన ఆస్పత్రిలోని పాత కేసులను 1987లో మళ్లీ పరిశీలిస్తే, అక్కడి పిల్లల్లో ఆస్పిరిన్‌తో సంబంధం కనిపించలేదు. ఆ రోజుల్లో రై సిండ్రోమ్ అనుకున్న కొందరిలో నిజానికి పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు ఉన్నాయని కూడా తర్వాత తెలిసింది. కొవ్వును శక్తిగా మార్చుకోలేని బిడ్డ, జ్వరంలో తిండి మానేస్తే ఇలాగే కుప్పకూలవచ్చు. ఆస్పిరిన్ వేసుకున్న ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు రాదు. వచ్చిన ప్రతి పిల్లవాడూ ఆస్పిరిన్ వేసుకుని ఉండడు. అయినా వైరస్ జ్వరంలో ఆ మాత్ర ముప్పును పెంచుతుందన్న ఆధారం గట్టిది. దాన్ని మానేయడం మన చేతిలో ఉన్న పని.

మన దేశంలోనూ ఇలాంటి వెతుకులాట జరిగింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలను బలిగొన్న మెదడువాపులో అసలు విషం కసింద గింజలదని వైద్యులు తేల్చారు. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లలు చనిపోయినప్పుడు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో పాటు అవే గింజల పాత్ర బయటపడింది. అక్కడ దాన్ని బణ చకుండ అంటారు. అక్కడా దెబ్బతిన్నవి మెదడు, కాలేయమే. బిడ్డ ఏం తిన్నాడు, ఏం మింగాడు అని ఇంటివాళ్లను ఓపికగా అడిగినప్పుడే జవాబు దొరికింది.

మన ఇంట్లో, మన బడిలో

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రులే. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే కుటుంబాలకు అక్కడే చిక్కు. మాత్ర పేరు గుర్తుండదు, తెల్ల మాత్ర అని మాత్రమే చెప్పగలుగుతారు. కాబట్టి ఇచ్చిన మందు స్ట్రిప్‌ను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏ మాత్ర, ఎన్ని, ఏ రోజు ఇచ్చారో కాగితం మీద రాసుకోండి. భాష రాకపోయినా ఆ స్ట్రిప్ చాలు.

* డాక్టరు చెబితే తప్ప, పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి జ్వరానికి, ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ముఖ్యంగా ఫ్లూలో, ఆటలమ్మ పోసినప్పుడు వద్దు. డెంగీలో రక్తస్రావం ముప్పు ఉంటుంది కాబట్టి అప్పుడూ వద్దు.
* డిస్ప్రిన్‌లో ఉన్నది ఆస్పిరినే. తాతయ్య గుండెకు వాడే ఎకోస్ప్రిన్ కూడా అదే. స్ట్రిప్ మీద అసిటైల్ సాలిసిలిక్ యాసిడ్ అని ఉన్నా అదే మందు. పెద్దల మందుల డబ్బా పిల్లలకు అందకుండా ఉంచండి.
* జ్వరానికి పారాసెటమాల్ సరిపోతుంది. అది కూడా బిడ్డ బరువును బట్టి, డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఎక్కువైతే అదీ కాలేయానికి చేటే.
* కవాసాకీ వంటి కొన్ని జబ్బుల్లో డాక్టర్లే పిల్లలకు ఆస్పిరిన్ రాస్తారు. దాన్ని సొంతంగా ఆపవద్దు. ఆ బిడ్డకు ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ సోకితే వెంటనే డాక్టరుకు చెప్పండి. టీకాల గురించి ముందే అడగండి.
* జ్వరం తగ్గాక ఆగని వాంతులు, మత్తు, చిరాకు, తికమక మాటలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు. చంటిపిల్లల్లో విరేచనాలు, వేగంగా ఊపిరి తీయడం కూడా గుర్తులే. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.
* బడిలోని ప్రథమ చికిత్స పెట్టెలో ఆస్పిరిన్ ఉంచవద్దు. టీచర్లు పిల్లలకు తమంతట తాము మాత్రలు ఇవ్వకుండా ఇంటికి కబురు చేయడం మేలు.

రై దగ్గర అప్పట్లో మందు లేదు, కారణమూ తెలియదు. ఉన్నవల్లా 21 మంది పిల్లల ఫైళ్లు, వాటిని వేర్వేరుగా మూసేయకూడదన్న పట్టుదల. ఆ ఫైళ్ల వల్లే తర్వాతివాళ్లకు ఏం అడగాలో తెలిసింది. ఈసారి ఇంట్లో పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు, మాత్ర తుంచే ముందు స్ట్రిప్ వెనక రాసింది ఒక్కసారి చదవండి.