కాటన్ దొర, ఒక నది, రెండు ఒడ్లు

కొన్ని దేశాలు ధనిక దేశాలుగా, కొన్ని పేద దేశాలుగా ఎందుకున్నాయి? ఈ ప్రశ్న చాలా పాతది. దీనికి జీవితమంతా జవాబు వెదికిన ఒక ఇంజనీరును ఈ వారం పరిచయం చేసుకుందాం. గోదావరి జిల్లాల వారు సర్ ఆర్థర్ కాటన్ గారిని నేటికీ దేవుడిలా తలచుకుంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల మనకు ఆయన పరాయివారని అనుకుంటాం. అయితే రాజోలి పక్కనే ఉన్న సుంకేసుల ఆనకట్ట కథలో కూడా ఆయన ఉన్నారు.

కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో, 18 ఏళ్ళ వయసులో, సైనిక ఇంజనీరుగా మద్రాసు చేరారు. ఆయన ప్రొటెస్టెంటు విశ్వాసి, యౌవనం నుండి ప్రార్థనాపరుడు. 1836లో కావేరి పాయ అయిన కొల్లడం మీద ఆనకట్టలు కట్టి తంజావూరు పొలాలను నిలబెట్టారు.

1840లలో ఆయన గోదావరి తీరానికి వచ్చే నాటికి ఆ సీమ దయనీయ స్థితిలో ఉంది. 1832–33 కరువు ఊళ్ళను ఖాళీ చేసింది. ఇంగ్లండు మిల్లు గుడ్డ దిగాక మగ్గాలు మూలపడ్డాయి. పక్కనే జీవనది పారుతున్నా జనం ఆకలితో ఉన్నారు. ఆయన 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశారు. కొన్నేళ్ళలోనే ఆ డెల్టా అన్నపూర్ణ అయింది.

ఆ రోజుల్లో మన దేశపు పేదరికానికి మూడు కారణాలు వినిపించేవి. మొదటిది చాలామంది పాలకుల మాట: వానలు నమ్మదగనివి, జనం ఎక్కువ, కాబట్టి కరువు ప్రకృతి శాసనం. రెండవది దాదాభాయి నౌరోజీ గారి వాదన: ఈ దేశపు పన్నుల సొమ్ము జీతాలు, పింఛన్లు, వడ్డీల రూపంలో ఏటా ఇంగ్లండుకు తరలిపోతోంది, పేదరికానికి మూలం అదే. ఈ వాదనను ఆయన 1867 నుండి వినిపించారు, 1892లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. మూడవది కాటన్ గారిది: నీళ్ళున్నాయి, మనుషులున్నారు, లేనిది పెట్టుబడి. రైళ్ళ మీద పోసే డబ్బులో కొంత కాలువలకు పెడితే పంటా పండుతుంది, పడవల్లో సరుకు చౌకగా సాగుతుంది.

ఈ వాదాలకు పరీక్ష మన తుంగభద్ర మీదే జరిగింది. కాటన్ గారి ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది. పెట్టుబడి పది లక్షల పౌండ్లు, వాటాదారులు ఇంగ్లండువారు. కాలువకు లాభం వచ్చినా రాకపోయినా వారికి నూటికి ఐదు వంతున వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆశించినంతమంది రైతులు నీళ్ళు తీసుకోలేదు. నల్లరేగడిలో మెట్టపంటకు అలవాటుపడిన రైతు నీటి తీరువాకు వెనుకాడాడు. కాలువ నష్టపోయింది, అయినా వడ్డీ ఆగలేదు. అది మన పన్నుల నుండే వెళ్ళింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది.

ఇక్కడ నౌరోజీ గారి మాట రుజువైంది, కాటన్ గారి మాటలో కొరత కూడా బయటపడింది. నీళ్ళు అవసరమే. కాని ఆ నీళ్ళు ఎవరి సొమ్ముతో, ఎవరి లాభానికి, రైతును అడిగి వచ్చాయా అడగకుండా వచ్చాయా అన్నది కూడా అంతే అవసరం.

అలాగని పాలకుల మాట నిలుస్తుందా? 1876–78 మహాకరువులో దక్షిణాదిన లక్షలాది ప్రజలు చనిపోయారు. కర్నూలు సీమ బాగా దెబ్బతిన్నది. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం తాము తిని ఇతరులకు గింజలు పంపాయి. 1878లో పార్లమెంటు సంఘం ముందు నిలబడి 75 ఏళ్ళ కాటన్ గారు ఈ సంగతే చెప్పారు. సంఘంవారు ఆయనను నిందితుడిని ప్రశ్నించినట్లు ప్రశ్నించారు, ఆయన మాత్రం మాట మార్చలేదు. 1899 జూలై 24న కన్నుమూశారు.

ఇప్పుడు మన ఒడ్డు సంగతి చూద్దాం. వాన అదే, నది అదే. అటు ఒడ్డు బ్రిటిష్ పాలనలో, ఇటు ఒడ్డు నిజాం రాజ్యంలో ఉంది. ఇటు కాలువ రాలేదు. రాజోలిబండ పథకం 20వ శతాబ్దం నడుమ గాని రాలేదు, వచ్చినా చివరి ఊళ్ళకు నీళ్ళు సరిగా అందలేదు. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల నుండి 1990లలో గాని నీరు పారలేదు. ఈలోగా పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఇతరుల పొలాలకు నీళ్ళిచ్చే ఆనకట్టలు కట్టారు. చివరకు 2018లో తుమ్మిళ్ళ ఎత్తిపోతల పథకం ద్వారా ఆ సుంకేసుల నీళ్ళే ఇటు పొలాలకు ఎక్కాయి. ఈ ఆలస్యానికి ప్రకృతి కారణం కాదు.

20వ శతాబ్దపు పండితులు ఇదే చర్చను కొత్తగా చేశారు. పెట్టుబడి, యంత్రాలు వస్తే ప్రతి దేశమూ మెట్టుమెట్టుగా పైకెక్కుతుందని అమెరికా పండితుడు రోస్టో 1960లో రాశారు. పేద దేశాల పంటల ధర ధనిక దేశాల యంత్రాల ధరతో పోలిస్తే నానాటికి పడిపోతుందని అర్జెంటీనా పండితుడు ప్రెబిష్ అంతకు ముందే వాదించారు. వేరుశనగ అమ్మి మోటారు కొనే మన రైతుకు ఆ రెండో మాట విడమరిచి చెప్పనక్కరలేదు. 1967లో జగద్గురువులు ఆరవ పౌలు గారు ప్రజల ప్రగతిపై రాసిన విశ్వలేఖలో సహాయం ఒక్కటే చాలదనీ, దేశాల మధ్య వ్యాపారం కూడా న్యాయంగా ఉండాలనీ బోధించారు.

కాటన్ గారి జీవితం చూస్తే నా మనసుకు తోచేది ఇది. పేదరికాన్ని దేవుని చిత్తమని సరిపెట్టుకోవడం ఆయన విశ్వాసం ఒప్పుకోలేదు. మనమూ అలా సరిపెట్టుకోకూడదు. అయితే మేలు చేయాలనే మంచి మనసుకు తోడుగా న్యాయమైన లెక్క కూడా కావాలి. మన ఊరికి కాలువైనా, కర్మాగారమైనా, అప్పైనా వస్తున్నదంటే, లాభమెవరికి, నష్టం వస్తే భరించేదెవరు అని మన కుటుంబాల్లో, యువజన సంఘాల్లో అడగడం నేర్చుకుందాం.