నిలోఫర్ రాకుమారి : తల్లీబిడ్డల కొక నీడ

హైదరాబాదు నగరమున రెడ్ హిల్స్ ప్రాంతమందున్న నిలోఫర్ ఆసుపత్రిని ఎరుగనివారు తెలంగాణమున అరుదు. రావిర్యాల మొదలైన ఇబ్రహీంపట్నము ప్రాంతపు పల్లెలలో పసిబిడ్డకు ప్రాణము మీదికి వచ్చినపుడు పెద్దల నోట మొదట వినవచ్చు పేర్లలో అదియొకటి. కాని ఆ పేరు ధరించిన స్త్రీ యెవరో, కన్నబిడ్డ యొక్కరును లేని ఆమె పేరు తల్లీబిడ్డల ఆలయమునకు ఎట్లు వచ్చినదో తెలిసిన విద్యార్థులు కొందరే యుందురు.

నిలోఫర్ 1916 వ సంవత్సరము జనవరి 4 వ తేదీన ఇస్తాంబుల్ నగరమున జన్మించెను. ఆ పేరునకు కలువ యని అర్థము. తల్లి ఆదిలా సుల్తాన్ తురుష్క చక్రవర్తుల వంశమున పుట్టినది. ఐదవ మురాద్ సుల్తానునకు మునిమనుమరాలు నిలోఫర్. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. ఎనిమిదవ యేట, 1924 లో, తురుష్క ప్రభుత్వము రాజవంశమువారిని దేశమునుండి వెడలగొట్టెను. ఆ తల్లీకూతుళ్ళు ఫ్రాన్సు దేశమున సముద్రతీరమందలి నీస్ నగరము చేరిరి. తండ్రి లేడు, ఇల్లు లేదు, మాతృదేశము లేదు. ఆ బాలికకు మిగిలినది తల్లి యొక్కతెయే.

1931 నవంబరు 12 వ తేదీన నీస్ నగరముననే, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్‌తో ఆమె వివాహము జరిగెను. నాటికి ఆమె పదునైదేండ్ల బాలిక. అదే దినమున పెద్ద కుమారుడు ఆజం జాహ్ దుర్రు షెహ్వార్ రాకుమారిని పెండ్లాడెను. కోడండ్రిద్దరును హైదరాబాదునకు వచ్చిరి. నిలోఫర్ హిల్ ఫోర్టు భవనమున కాపురముండెను. ఆమె సౌందర్యమును గూర్చి, చీరకట్టును గూర్చి లోకము మిక్కిలి చెప్పుకొన్నది. అంతఃపురపు తెర వెలుపలికి వచ్చి సభలలో పాల్గొన్న రాజస్త్రీ యగుటచే నగర స్త్రీలకు ఆమె నడవడి యొక క్రొత్తదారి చూపినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆమె నర్సు శిక్షణ పొంది సహాయ కార్యములలో పాల్గొనెను.

ఇన్ని యుండియు ఆమె కొక కొరత తీరలేదు. సంతానము కలుగలేదు. ఐరోపా వైద్యులను సంప్రదించినను ఫలితము లేకపోయెను. బిడ్డలు లేని స్త్రీని శుభకార్యములలో వెనుకకు నిలుపు లోకమిది. రాజభవనపు గోడలు ఆ చూపులను ఆపగలిగెనా? 1948 లో భర్త మరియొక వివాహము చేసికొనెను.

ఆమె చెంత ఒక పరిచారిక యుండెడిది. నిలోఫర్‌కు ఆమె యెడల మిక్కిలి ప్రేమ. ఆ పరిచారిక గర్భవతియై, తగిన వైద్యసహాయము లేక ప్రసవ సమయమున మరణించెను. రాకుమారి కోరినచో ఐరోపా వైద్యులు దొరకుదురు. ఆమె కడ పనిచేయు పేదరాలికి ఊరిలో తగిన ప్రసూతి శాల లేదు. ఈ తారతమ్యము ఆమె హృదయమును కలచివైచినది. ఇకమీద మరియొక తల్లికి ఆ గతి పట్టరాదని ఆమె తలంచెను. స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి కట్టింపవలెనను సంకల్పము అట్లు పుట్టినది. 1953 లో నూరు పడకలతో ఆ ఆసుపత్రి వెలసినది. 1952 లోనే వివాహబంధము తెగిపోవుటచే అప్పటికి ఆమె నిజాము ఇంటి కోడలు కాదు. బంధుత్వము పోయినది, పేరు నిలిచినది.

తల్లికి బిడ్డపై ప్రేమ స్వభావసిద్ధమనియు, దానికి వేరొకరి తోడ్పాటు అక్కరలేదనియు మనము తరచుగా అనుకొందుము. అది సగము సత్యము మాత్రమే. ప్రేమ యను విత్తనము ప్రకృతి యిచ్చును. నేలను, నీటిని మనుష్యులు సమకూర్పవలెను. మొట్టమొదట తల్లి బ్రతికి యుండవలెను. పిదప ఆమెకు విశ్రాంతి, కడుపునిండ తిండి, బిడ్డతో సన్నిధి కావలెను. గర్భమున నుండగనే విన్న తల్లి గొంతును శిశువు పుట్టిన కొలది దినములకే గుర్తించును. ఆమె వాసనను సైతము ఎరుగును. బిడ్డ చన్ను కుడుచునపుడు తల్లి దేహమున ఆక్సిటోసిన్ అను ద్రవ్యము ఊరును. అది పాలను స్రవింపజేయును. గర్భాశయమును ముడుచుకొనజేసి రక్తస్రావమును తగ్గించును. మనస్సునకు నెమ్మది కూర్చును. బిడ్డ తల్లిని పిలుచుటయే గాక ఒక విధముగా ఆమెను రక్షించుచున్నది కూడ.

వైద్యశాస్త్రము ఈ సంగతిని నేర్చుటకు చాలకాలము పట్టినది. నెలలు నిండని శిశువులను వెచ్చని పెట్టెలలో నుంచి బ్రతికించు విద్య పందొమ్మిదవ శతాబ్దాంతమున ఫ్రాన్సులో వృద్ధిపొందెను. పారిస్ వైద్యుడు పియర్ బుదాఁ 1900 లో ప్రకటించిన గ్రంథమున, బిడ్డకు దూరమైన తల్లులు క్రమముగా వారియెడ ఆసక్తి కోల్పోవుచున్నారని హెచ్చరించెను. అయినను అనేక దేశములలో శిశువు అద్దముల వెనుకను, తల్లి వేరొక గదిలోను ఉండుట చాలకాలము సాగినది. 1978 లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పెట్టెలు చాలని ఒక ఆసుపత్రిలో డాక్టరు ఎడ్గార్ రేయ్ శిశువులను తల్లుల రొమ్ములకే కట్టియుంచు పద్ధతిని ప్రవేశపెట్టెను. కంగారూ అను జంతువు పిల్లను సంచిలో మోయు విధము దానికి పేరైనది. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు పుట్టినది మొదలు ఈ సంరక్షణ మీయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో సిఫారసు చేసినది.

మన ఇండ్లలోని ఆచారములను కూడ ఈ వెలుగున పరిశీలింపవచ్చును. తొలికానుపునకు కూతురిని పుట్టింటికి తెచ్చుకొనుట మంచి ఆచారము. బాలెంతకు విశ్రాంతియు, భయమెరిగిన తల్లి తోడును దొరకును. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయుట చెడ్డ ఆచారము; అవి శిశువునకు తొలి రక్షణ. ఆడపిల్ల పుట్టినదని ముఖములు చిన్నబుచ్చుకొనుట మరింత చెడ్డది. ఆ మౌనము బాలెంత మనస్సును గాయపరచి, బిడ్డవైపు తిరుగనీయదు. ప్రసవానంతరము కొందరు తల్లులను క్రమ్ముకొను దిగులు పాపము కాదు, వ్యాధి. దానికి చికిత్స కలదు. తొలి గంటలలో బిడ్డను తాకలేకపోయిన తల్లి నిరాశ చెందనక్కరలేదు. ఆ బంధము క్షణములో ముడివడునది కాదు, దినదినము అల్లుకొనునది. పెంచిన తల్లులును దానికి సాక్షులే.

నిలోఫర్ శేషజీవితము ఫ్రాన్సులో గడచినది. 1963 లో ఆమె ఎడ్వర్డ్ పోప్‌ను వివాహమాడెను. 1989 జూన్ 12 వ తేదీన పారిస్ నగరమున మరణించెను. పారిస్ చెంత బాబిన్యీ శ్మశానమున ఆమె సమాధి యున్నది.

ఆమె తలపెట్టిన పని మాత్రము పూర్తి కాలేదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగిన పిదప నలుగురు మరణించిరి. రావిర్యాల వంటి ఊళ్ళకు ఆ వార్త దూరదేశపు కథ కాదు. నాడు పరిచారికకు దక్కని రక్షణ నేటికిని ప్రతి పేదరాలికి దక్కలేదు. తల్లి ప్రేమను గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయుడు, దానిని వినెడి విద్యార్థి, ఆ ప్రేమకు ముందుగా తల్లి ప్రాణమును కాపాడవలసిన బాధ్యత ఊరిది, ప్రభుత్వముది కూడ అని గ్రహింతురుగాక. బిడ్డను ఎత్తుకొను భాగ్యము లేని ఒక స్త్రీ ఆ బాధ్యతను తనదిగా తలంచినది.