అరిస్టైడీసు

రాజకీయనాయకులను ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న ప్రాచీనమైనది. గ్రీసుదేశపు ఏథెన్సు నగరమున నాయకుడగు అరిస్టైడీసు చరిత్రమును ఇందుకు నిదర్శనముగా మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇతడు క్రీ.పూ. 490లో మారథాను యుద్ధమున పారసీకుల నెదిర్చిన సేనానులలో నొకడు. ప్రజలితనిని న్యాయశీలుడని పిలిచిరి. ఆ నగరమున ఏ నాయకునియందైన శంక కలిగినచో, పౌరులు కుండపెంకులపై అతని పేరు వ్రాసి పదియేండ్లు వెడలగొట్టవచ్చును. క్రీ.పూ. 482 ప్రాంతమున ఆ తీర్పు ఇతనిపై బడెను. అక్షరజ్ఞానము లేని పల్లెవాడొకడు ఇతనిని గుర్తెరుగక, అరిస్టైడీసు పేరు వ్రాసిపెట్టుమని కోరెననియు, అందరును అతనిని న్యాయశీలుడనుట విని విసిగితినని చెప్పెననియు, ఇతడు మారుపలుకక వ్రాసియిచ్చెననియు ప్లూటార్కు తెలుపుచున్నాడు.

పారసీకులు మరల దండెత్తగా ప్రజలు ఇతనిని పిలిపించిరి. ఇతడు పగ మరచి, తన ప్రతిస్పర్ధియగు థెమిస్టాక్లీసుతో గలసి సలామిసునొద్ద పోరాడెను, క్రీ.పూ. 479లో ప్లాటియాయందు ఏథెన్సు సేనను నడపెను. పిమ్మట మిత్రనగరములు చెల్లింపవలసిన ధనమును నిర్ణయించు పనియు ఇతనికే అప్పగింపబడెను. అంత ధనము చేతిమీదుగా నడచినను ఇతడు పేదగనే మరణించెనని చెప్పుదురు.

1937లో ఏథెన్సునందొక బావిలో థెమిస్టాక్లీసు పేరుగల పెంకులు సుమారు 190 దొరకినవి. వానినన్నిటిని వ్రాసినవారు కొలదిమందియేయని పండితులు చేతివ్రాతనుబట్టి కనిపెట్టిరి. ఓటర్లకు పంచుటకై ముందే సిద్ధపరచినవని వారి యభిప్రాయము. కావున నమ్మకమువలెనే అనుమానమును గూడ ఇతరులు మన చేతికందింపగలరు.

నాయకుని కీర్తి విని నమ్మరాదు, విసుగుచే త్రోసివేయరాదు. అతడు చేసిన పనిని, చూపిన లెక్కను విచారింపవలెను. విద్యార్థులారా, మన పెంకుపై పేరును మనమే వ్రాయుదము.