అబద్ధాలు పట్టే మనిషి ఇంట్లో ఒక అబద్ధం

ఇంటర్వ్యూలో మీ పేరు పిలవగానే గుండె దడదడలాడుతుందా? నందిపేట్‌లో పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్‌లో జాబ్ మేళాకి పోతే సగం మంది పరిస్థితి అదే. రెజ్యుమెలో మీరు ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అయినా అరచేతుల్లో చెమట. ఆ చెమట చూసి మిమ్మల్ని అబద్ధాలకోరు అనేస్తే? లై డిటెక్టర్‌తో ఉన్న చిక్కంతా ఇదే.

దానికి పునాది వేసినవాళ్లలో ఒకడు విలియం మౌల్టన్ మార్స్‌టన్. మీకు వేరే రకంగా తెలుసు: వండర్ ఉమన్‌ని పుట్టించింది ఇతనే.

1893లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో సైకాలజీ, లా రెండూ చదివాడు. కోపం, ఉద్వేగం వస్తే తన బీపీ పెరుగుతోందని భార్య ఎలిజబెత్ గమనించిందట. ఐడియా అక్కడే పుట్టిందంటారు. (హార్వర్డ్ లా స్కూల్ అప్పట్లో ఆడవాళ్లను చేర్చుకోలేదు. తండ్రి ఫీజు కట్టనంటే ఎలిజబెత్ వంటల పుస్తకాలు అమ్మి, బోస్టన్ యూనివర్సిటీలో లా పూర్తి చేసింది. ఆమె మీద వేరే వ్యాసమే రాయొచ్చు.) మార్స్‌టన్ వాడింది డాక్టర్ల దగ్గరుండే మామూలు బీపీ పట్టీనే. ప్రశ్నలు అడుగుతూ మధ్యమధ్యలో రీడింగ్ తీసేవాడు. ఆగకుండా గీతలు గీసే మిషన్‌ని 1921లో బర్క్‌లీ పోలీసు జాన్ లార్సన్ తయారు చేశాడు.

1922లో అసలు పరీక్ష వచ్చింది. వాషింగ్టన్‌లో జేమ్స్ ఫ్రై అనే నల్లజాతి యువకుడిపై హత్య కేసు. ముందు నేరం ఒప్పుకొని, తర్వాత కాదన్నాడు. మార్స్‌టన్ జైలుకెళ్లి పట్టీ కట్టి, ఇతను నిజమే చెప్తున్నాడని తేల్చాడు. కోర్టు ఆ రిజల్ట్ వినడానికే ఒప్పుకోలేదు. ఆ రంగం వాళ్లంతా ఒప్పుకున్న పద్ధతైతేనే సాక్ష్యంగా తీసుకుంటామని 1923లో అప్పీలు కోర్టు తేల్చేసింది. ఫ్రై జైల్లోనే ఉండిపోయాడు.

ఇంతకీ ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుంది? ఇప్పటి పాలిగ్రాఫ్‌లో ఛాతీకి, పొట్టకి రెండు ట్యూబులు కట్టి ఊపిరి కొలుస్తారు. చేతికి బీపీ పట్టీ, వేళ్లకి చెమట పట్టే సెన్సర్లు. ప్రశ్నలు ముందే చదివి వినిపిస్తారు. కదలకుండా అవును, కాదు అనాలి. అవే ప్రశ్నలు మళ్లీమళ్లీ వస్తాయి. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే సెన్సర్లన్నీ కరెక్టే, అవుట్‌పుట్‌కి పెట్టిన పేరే తప్పు. అది కొలిచేది దడని. భయపడ్డ నిజాయితీపరుడి గ్రాఫూ, దొంగ గ్రాఫూ ఒకేలా ఉండొచ్చు. మన దగ్గర ఎవరినీ బలవంతంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఒప్పుకొని చేయించుకున్నా ఆ రిజల్ట్ నేరుగా సాక్ష్యం కాదు. ఇది గుర్తుంచుకోండి.

మార్స్‌టన్ సంగతికొస్తే, ఒక ఉద్యోగంలో నిలిచింది లేదు. 1928లో మనుషుల స్వభావాలను నాలుగుగా విడదీస్తూ పుస్తకం రాశాడు. మీ హెచ్‌ఆర్ రౌండ్లో వచ్చే డిస్క్ టెస్టుకి మూలం అదే, టెస్టు తయారు చేసింది మాత్రం వేరేవాళ్లు. 1938లో తన లై డిటెక్టర్‌తో జిలెట్ బ్లేడ్ల యాడ్‌లో కనిపించాడు. సైంటిస్ట్ సేల్స్‌మన్ అయ్యాడని నాకు అనిపిస్తుంది, కానీ ఇంట్లో నలుగురు పిల్లలు, స్థిరమైన జీతం ఎలిజబెత్‌దే. 1941లో వండర్ ఉమన్ వచ్చింది. ఆమె తాడుతో కట్టేస్తే ఎవరైనా చెప్పిన మాట వినాల్సిందే, నిజం కక్కాల్సిందే. మిషన్‌తో కానిది కామిక్‌లో చేయించాడన్నమాట.

ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేది, ఆలివ్ బర్న్. ఒకప్పుడు అతని స్టూడెంట్. నలుగురు పిల్లల్లో ఇద్దరు ఆమెకి, మార్స్‌టన్‌కి పుట్టినవాళ్లే. ఆ అబ్బాయిలకి మాత్రం మీ నాన్న చనిపోయాడని చెప్పి పెంచారు. రోజూ అదే టేబుల్ దగ్గర వాళ్లతో కలిసి భోజనం చేసిన మార్స్‌టన్ 1947లో, 53 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఆయనే తమ తండ్రి అని ఆ ఇద్దరికీ ఆ తర్వాత చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.