ప్రశాంతచంద్ర మహలనోబిస్ – మచ్చు లెక్క

అన్నము ఉడికినదో లేదో యెరుగుటకు కుండనంతయు క్రుమ్మరింప నక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. దీనినే పెద్దలు స్థాలీపులాక న్యాయమనిరి. ఆదోని విపణిలో మచ్చు చూచి సరకునకు ధర కట్టుటయు నిట్టిదే. అయితే కుండలోని మెతుకులన్నిటికి మంట యొక్కటియే; పొలములట్లు కావు. ఒక గట్టునకు ఆవల నల్లరేగడి, ఈవల ఎర్రనేల యుండవచ్చును. అట్టిచో ఏ మెతుకు పట్టవలెను? ఈ ప్రశ్నకు శాస్త్రమార్గమున సమాధానము వెదకి, దానిని భారతదేశమంతట నాచరణలో పెట్టిన మహనీయుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఈయన 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము నభ్యసించి, 1913లో కేంబ్రిడ్జి చేరెను. అచట శ్రీనివాస రామానుజన్‌తో మైత్రి కలిగెను. 1915లో స్వదేశమునకు బయలుదేరు తరుణమున, గురువొకరు బయోమెట్రికా యను పత్రికను ఈయన దృష్టికి తెచ్చిరి. ఆ సంపుటములను కొని, ఓడలో చదువుచు, అంకెలనుండి సత్యమును రాబట్టు విద్యయందు మనసు నిలిపెను. కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచునే, 1931 డిసెంబరులో కలకత్తాయందు భారతీయ గణాంకశాస్త్ర సంస్థను స్థాపించెను.

పూర్వము మన సీమలో పంటను కంటితో చూచి, పదునారణాలకు ఇన్ని అణాలని అంచనా వ్రాయుచుండిరి. కరవు యేట రైతుకు శిస్తు మాఫీ కలుగుటయు కలుగకపోవుటయు ఆ యంకెను బట్టియుండెడిది. చూచువాడెంత నీతిమంతుడైనను, బాట ప్రక్కనున్న చేనే ముందుగా కంటబడును. దూరపు మెట్టచేను మరుగున పడును. కావున చేనిని మనుష్యుని యిష్టమునకు విడువక, యాదృచ్ఛికముగా నెన్నుకొనవలెను. అపుడే పక్షపాతము తొలగును. మచ్చునందు తప్పు ఎంతవరకుండునో గణితముచే కట్టుటకును వీలగును.

బెంగాలులో జనపనార పంటను లెక్కించుటకు 1937 నుండి మహలనోబిస్ ఈ మార్గమునే యనుసరించెను. గ్రామపటములపై యాదృచ్ఛికముగా చోటులను నిర్ణయించి, పరిశీలకులను అచటికే పంపెను. ఒకే ప్రాంతమునకు రెండు దళములను వేరువేరుగా పంపి, రెండు లెక్కలను పోల్చి చూచెను. ప్రతి పొలమును లెక్కించు ప్రభుత్వ పద్ధతికి 33,000 మంది పనివారును, 82 లక్షల రూపాయలును కావలసివచ్చెను. మచ్చు లెక్కకు 600 మందియు, 8 లక్షలును చాలెను. పొలము పొలము తిరిగిన లెక్క 63 లక్షల బేళ్లని చెప్పగా, మచ్చు లెక్క 75 లక్షలని చెప్పెను. తుదకు వర్తకపు లెక్కలలో తేలినదియు సుమారు 75 లక్షలే. ఎక్కువమంది లెక్కించినంత మాత్రమున లెక్క నిజము కాదని దీనివలన రుజువయ్యెను.

1945లో రాయల్ సొసైటీ ఈయనను సభ్యునిగా నెన్నుకొనెను. 1950లో ఈయన ప్రేరణచే జాతీయ ప్రతిచయన సర్వే ఆరంభమై, దేశప్రజల జీవనస్థితిగతులను మచ్చుమూలమున తెలియజేయసాగెను. రెండవ పంచవర్ష ప్రణాళిక రూపకల్పనయందును ఈయనది ముఖ్యపాత్ర. 1968లో పద్మవిభూషణ బిరుదము లభించెను. 1972 జూన్ 28న, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ముందునాడు, కాలధర్మము నొందెను. 2007 నుండి ఆయన జన్మదినము గణాంక దినోత్సవముగా జరుపబడుచున్నది.

ఆయన శిష్యకోటిలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు అగ్రగణ్యుడు. ఆయన 1920లో నాటి బళ్లారి జిల్లాలోని హడగలిలో జన్మించెను. మన ఆలూరు తాలూకాయు 1953 వరకు ఆ జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1941లో కలకత్తా సంస్థలో చేరి, లోకవిఖ్యాతి గడించి 2023లో పరమపదించెను.

నేడు పంటల బీమాకై యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న చేలలో కొలతవేసి పంట కోసి తూచుట ఈ శాస్త్రఫలమే. చీటిలో తన చేను రాలేదని చింతించు రైతు, ఎవరి చేను కావలెనో ఎవరును కోరి నిర్ణయింపకుండుటయే తనకు రక్షయని గ్రహింపవలెను. ఎన్నికలో ధర్మము తప్పినచో ఎంత పెద్ద లెక్కయు వ్యర్థమే. ధర్మము నిలిచినచో పిడికెడు గింజలే పొలమంతటికి సాక్ష్యము పలుకును.